అద్దాల గదికి బరువు లేదు, అదే చిక్కు

ఇంటి ముందు వసారాకు అద్దాలు బిగించి, నాలుగు పూలకుండీలు, ఓ ఉయ్యాల పెట్టుకోవాలన్న సరదా నెల్లూరు తీరానికీ వచ్చింది. చలి దేశాల్లో కాస్త ఎండ కోసం పుట్టిన ముచ్చట ఇది. మే నెల నెల్లూరులో ఆ గదిలో కూర్చునేదెవరన్నది వేరే చర్చ. అల్యూమినియం రంగు, అద్దం మందం దాకా బేరం బాగానే సాగుతుంది. బేస్‌మెంట్ మాట వచ్చేసరికి మాత్రం ‘తేలిక గదే కదన్నా, ఉన్న నాపరాళ్ల మీదే నిలబెట్టేద్దాం’ అంటారు.

ఆ తేలికతోనే వచ్చింది తంటా. ఇటుక గోడల గది తన బరువుతోనే చాలావరకు నిలదొక్కుకుంటుంది. అద్దాల గదికి ఆ బరువేదీ? ఐఎస్ 875 ప్రమాణం మూడో భాగంలో నెల్లూరుకు రాసిన గాలి వేగం సెకనుకు 50 మీటర్లు, అంటే గంటకు 180 కిలోమీటర్లు. అది ఊరికే రాసిన అంకె కాదు. 1989 నవంబరులో పెను తుఫాను తీరం దాటింది కావలి దగ్గరే. ఒక్క తలుపు తెరుచుకుని గాలి లోపలికి దూరిందంటే కప్పును పైకి తోస్తుంది. అందుకే ఇక్కడ పునాది గదిని మోస్తే చాలదు, ఎగిరిపోకుండా పట్టుకోవాలి కూడా. నాపరాయికి బిగించిన స్క్రూకు ఆ పట్టు ఉండదు. కాంక్రీటు పోసేటప్పుడే అందులో యాంకర్ బోల్టులు దించాలి.

నేల కూడా ఊరూరికీ మారుతుంది. మైపాడు వైపు ఇసుక. లోపలికొస్తే పెన్నా డెల్టా మాగాణుల్లో బంకమట్టి. నల్లమట్టి వానకు ఉబ్బుతుంది, ఎండకు బీటలిస్తుంది. పాత ఇల్లు దిగాల్సినంత దిగి కుదురుకుని ఉంటుంది, కొత్త పునాది ఇంకా దిగాలి. రెండింటినీ కలిపి కట్టేస్తే ఆ తేడాకు మొదట పగిలేది అద్దమే. మధ్యలో సందు వదిలి, సాగే సీలెంట్‌తో నింపడం మేలు. బేస్‌మెంట్ నింపే గ్రావెల్‌ను ఒక్కసారే కుమ్మరించి పైపైన దిమ్మిస కొడితే పైన గట్టిగా, లోపల డొల్లగా ఉంటుంది. ఆరేసి అంగుళాల చొప్పున పోసి, తడిపి, దిమ్మిస వేస్తేనే కుదురుకుంటుంది. మరీ నల్లమట్టి అయితే రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థ అలాంటి నేలల కోసమే అభివృద్ధి చేసిన అండర్ రీమ్డ్ పైల్స్ ఉన్నాయి. అడుగున ఉల్లిగడ్డలా ఉబ్బి ఉండటంతో గాలి పైకి లాగినా అవి ఊడిరావు. చిన్న గదికి ఇంత అవసరమా అనిపించొచ్చు. నేల చూసిన ఇంజినీరు చెప్పాల్సిన మాట అది, అద్దాలు బిగించేవాళ్లు తేల్చేది కాదు.

నీళ్ల సంగతి ఎవరూ అడగరు. రొయ్యల గుంటల పక్క బోరు నీళ్లతోనే కాంక్రీటు కలిపేస్తుంటారు. ఇనుము వేసిన కాంక్రీటుకు వాడే నీళ్లలో క్లోరైడు లీటరుకు 500 మిల్లీగ్రాములు మించకూడదని ఐఎస్ 456 చెబుతోంది. మించితే లోపలి ఊచ తుప్పుపట్టి ఉబ్బి, కాంక్రీటును చీల్చేస్తుంది. ల్యాబ్‌లో నీళ్ల పరీక్షకయ్యే ఖర్చు ఒక అద్దం పలక మార్చే ఖర్చుతో పోలిస్తే ఏపాటిది? క్యూరింగ్‌కూ ఆ ఉప్పు నీళ్లే పడితే మంచి నీళ్లతో కలిపిన లాభమూ పోతుంది.

కొటేషన్‌లో పునాది ఖర్చు విడిగా రాయని కాంట్రాక్టరుకు అడ్వాన్సు ఇవ్వకపోవడమే మంచిది. జిల్లాలో పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా కురుస్తాయి కాబట్టి, గుంతలు తవ్వే పని అంతకు ముందే ముగియాలి.