ఎదురుగా విన్న పాట

గోరటి వెంకన్న పాటను రికార్డులో వినడం ఒక ఎత్తు, సభలో ఆయన ఎదుట కూర్చుని వినడం మరో ఎత్తు. 2002లో వచ్చిన ‘కుబుసం’ సినిమా ద్వారా పల్లె కన్నీటి మీద ఆయన రాసిన పాట ఇంటింటికీ చేరింది. అదే పాటను వేదిక మీద అందుకున్నప్పుడు కుమ్మరి వాము, కమ్మరి కొలిమి, సాలెల మగ్గం ఒక్కొక్కటిగా కళ్లముందు నిలుస్తాయి.

ఆయన నిలబడి పాడే మనిషి కాదు. చెయ్యి గాలిలో లేస్తుంది, పాదం దరువేస్తుంది, నడుము ఊగుతుంది. చరణం మధ్యలో ఆగి ఓ పిట్ట గురించో, వాగు గురించో రెండు మాటలు చెప్పి మళ్లీ రాగం అందుకుంటారు. ఆ మాటలు విన్నాక తర్వాతి చరణం మరింత దగ్గరవుతుంది. రాసినవాడే పాడుతుంటే ఏ పదం మీద ఎంతసేపు నిలవాలో ఆయన గొంతుకే తెలుసు.

పాలమూరు మట్టిలో పుట్టిన ఈ వాగ్గేయకారుడి ‘వల్లంకి తాళం’ 2021 సంవత్సరానికి కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం అందుకుంది. సభల్లో మార్మోగే పాట కవిత్వంగా గౌరవం పొందడం మాకెంతో సంతోషం.

అందుకే ఈ సంచికను రాసి, పాడి, ఆడే కవులకు అంకితం చేస్తున్నాం. చదవండి. మీ ఊళ్లో ఇలాంటి సభ జరిగితే పిల్లల్ని వెంటబెట్టుకుని తప్పక వెళ్లండి.

— సంపాదకుడు