సరస్తీరమున ఒక వాకిలి

ధర్మసంస్థ తన యావరణమునకు ప్రాకారము కట్టుకొనుట తప్పు గాదు. ఆ ప్రాకారమునకు గల వాకిలి ఎవరికొఱకు తెఱవబడుచున్నది, ఎవరి యెదుట మూయబడుచున్నది అనుదానిని బట్టియే లోకము దాని ధర్మమును నిర్ణయించును. అమెరికాలో న్యూయార్కు రాష్ట్రపు పశ్చిమాంతమున, షటాక్వా సరస్సు నొడ్డున 150 సంవత్సరములకు పైగా నడచుచున్న సంస్థ చరిత్రమును ఈ దృష్టితో పరిశీలించుట యుక్తమని తలంచుచున్నాము.

1874వ సంవత్సరమున వ్యవసాయ యంత్రనిర్మాతయగు లూయీ మిల్లరును, మెథడిస్టు మతాచార్యుడగు జాన్ హైల్ విన్సెంటును కలసి, ఆదివారపు పాఠశాలల ఉపాధ్యాయులకు శిక్షణ నొసంగుటకై అచట నొక సభ నేర్పఱచిరి. అంతకు పూర్వము మెథడిస్టులు ప్రార్థనలకై చేరుచుండిన వనమే దానికి స్థానమయ్యెను. ఇతర ప్రొటెస్టెంటు శాఖలవారిని వారు మొదటినుండియు ఆహ్వానించిరి; కాని కంచెయు, ప్రవేశరుసుమును గూడ ఉండెను. ఆదివారమునాడు ఆవిరిపడవలు ఆ రేవున ఆగరాదు. భగవంతుని దినమున పొరుగువానికి ప్రవేశము లేకుండెను.

అయినను ఆ స్థాపకుల యుద్దేశము కంచెకంటె పెద్దది. 1878లో వారు పఠనమండలి నొకదానిని స్థాపించి, ఇంటికడనే యుండి నాలుగు సంవత్సరములు క్రమముగా గ్రంథములు చదువుకొను పద్ధతిని ప్రవేశపెట్టిరి. కళాశాల మెట్లెక్కుటకు అవకాశములేని స్త్రీలును, మాఱుమూల గ్రామములవారును అందు చేరిరి. లోపలికి రాలేనివారికొఱకు విద్యయే కంచె దాటి వెళ్లెను. క్రమముగా మతబోధకు తోడు సంగీతము, శాస్త్రము, రాజకీయము ఆ వేదిక నెక్కెను. 1936 ఆగస్టు 14న అధ్యక్షుడు ఫ్రాంక్లిన్ రూజ్వెల్టు యుద్ధమునెడల తన యేవగింపును లోకమునకు చాటినది అచటనే. ప్రొటెస్టెంటుల సభగా పుట్టిన యా స్థలమున నేడు కాథలిక్కులకు నివాసమున్నది. 2009లో యూదుల కేంద్రము గూడ తెఱవబడినది.

మతముల నడిమి గోడ ఇట్లు తగ్గినది. ధనము కట్టిన గోడ మాటయేమి? తొమ్మిది వారముల వేసవిలో ప్రవేశపత్రము కొననిదే లోపల అడుగిడుటకు వీలులేదు. ఉపన్యాసములకు, వాద్యబృందములకు, భవనముల పోషణకు ద్రవ్యము కావలెననుట నిజమే. రుసుమును పూర్తిగా రద్దుచేయుడని మేము చెప్పబోము. కాని దూరదేశమునుండి వచ్చిన ధనికుడు లోపల సంగీతము వినుచుండగా, ఆ సరస్సు నొడ్డుననే పుట్టిన కూలివాని బిడ్డ కంచె వెలుపల నిలువవలసివచ్చుట న్యాయమనిపించుకొనదు. ఆదివారములందు ప్రవేశము ఉచితము చేసినారు. నాడు మూసిన దినమే నేడు తెఱచిన దినమగుట సంతోషకరము. అయినను వారమున కొక్కదినపు ఔదార్యముతో పొరుగువాని ఋణము తీఱదు.

2022 ఆగస్టు 12న అదే వేదికపై రచయిత సల్మాన్ రష్దీ కత్తిపోట్లకు గుఱియై ఒక కంటిచూపు గోల్పోయినాడు. ప్రవాసులగు రచయితలకు ఆశ్రయమిచ్చుటను గూర్చి ప్రసంగింప వచ్చిన దినముననే ఈ ఘాతుకము జరుగుట శోచనీయము. దోషికి 2025లో శిక్ష పడినది. అనంతరము భద్రత కట్టుదిట్టము కావలెననుటను ఎవరును ఆక్షేపింపరు. కాని ఆ దుండగుడు ప్రవేశపత్రము పొంది లోపలికి వచ్చినవాడేయని మఱువరాదు. రుసుము రక్షకభటుడు గాదు. అతనిని అడ్డగించుటకు వేదికపైకి పరుగిడినవారిలో సామాన్య శ్రోతలు ఉండిరి. సంచిని శోధించుట వేఱు, మనుష్యుని శంకించుట వేఱు. మొదటిది జాగ్రత్త, రెండవది ఆ సంస్థ ప్రాణమునకే ముప్పు.

మఱియొక సంగతి. ఇటీవలి వేసవులలో ఆ సరస్సున విషపుపాచి వ్యాపించి స్నానములకు, పడవవిహారములకు భంగము కలిగించుచున్నది. పాచికి కంచె తెలియదు. లోపలివారును వెలుపలివారును ఒక్కటై పూనుకొననిదే నీరు బాగుపడదు. కష్టమున సాయమడుగు పొరుగువానిని సుఖమున దూరముంచుట తగదు. చుట్టుపట్ల పాఠశాలల విద్యార్థులకు వేసవి పొడవునను ఉచిత ప్రవేశమిచ్చి, స్థానికుల ప్రతినిధులను ఆలోచనసభలందు చేర్చుకొనుట మేలని మా యభిప్రాయము. మఠములకు, సత్రములకు మాన్యములిచ్చిన మన భూస్వాములకును ఇది ఆలోచింపదగిన విషయమే.

షటాక్వా సరస్సు ఏరీ మహాసరస్సునకు పది మైళ్లలోపుననే యున్నది. అయినను దాని నీరు ఏరీని చేరక, నదులవెంట ఒహాయోలో, మిస్సిసిపీలో కలసి మెక్సికో సింధుశాఖవఱకు పోవును. ఆ సంస్థ కీర్తియు అట్లే దూరదేశములకు ప్రవహించినది. దూరమునకు పోవు నీరు తన గట్టును గూడ తడుపవలెను.