క్రాఫ్ట్ బీర్: జూబ్లీహిల్స్‌లో తాగొచ్చు.. అమీర్‌పేట్‌కు తెచ్చుకోకూడదు! ఎందుకిలా?

అమీర్‌పేట్‌లో మెట్రో ఎక్కితే మధురానగర్, యూసుఫ్‌గూడ, రోడ్ నంబర్ 5, ఆ తర్వాత జూబ్లీహిల్స్ చెక్‌పోస్ట్. అంతే, నాలుగే స్టేషన్లు. అక్కడ దిగితే అక్కడికక్కడే తయారైన బీరు ట్యాంక్ నుంచి నేరుగా గ్లాసులోకి వస్తుంది. కానీ అదే బీరును సీసాలో పట్టించుకుని ఇంటికి తెచ్చుకుంటామంటే రూల్స్ ఒప్పుకోవు.

పోనీ గోవా ట్రిప్‌లోనో, బెంగళూరు వెళ్లొచ్చేటప్పుడో నాలుగు బాటిళ్లు బ్యాగులో వేసుకొద్దామా అంటే ఎక్సైజ్ కేసు భయం. ఇంట్లోనే తయారుచేసుకుందామంటే అది ఇంకా పెద్ద నేరం. ఇక మిగిలింది గల్లీ చివర వైన్‌షాప్. అక్కడ ఫ్రిజ్ నిండా ఎక్కువగా కనిపించేవి రెండు మూడు పెద్ద కంపెనీల లాగర్లే.

బీర్ల మీద రివ్యూలు, రీల్స్, రేటింగ్ యాప్‌లు ఇంతగా పెరిగిన టైమ్‌లో సెంట్రల్ హైదరాబాద్‌లో ఉండే వాళ్లకు ఛాయిస్ ఇంత తక్కువ ఎందుకు? ఇది తాగేవాళ్ల టేస్ట్ సమస్య కాదు. బీరు ఫ్యాక్టరీ గేటు దాటి మన గ్లాసులోకి వచ్చే దారిలో ఉన్న సమస్య. ఆ దారి ఎలా ఉందో చూద్దాం.

షాపులో ఏం ఉండాలో ఎవరు డిసైడ్ చేస్తారు?

తెలంగాణలో 2,620 మద్యం షాపులు ఉన్నాయి. వీటిలో ఏ ఓనర్ కూడా నేరుగా కంపెనీ దగ్గర బీరు కొనలేడు. తెలంగాణ బేవరేజెస్ కార్పొరేషన్ కొంటుంది, డిపోల్లో పెడుతుంది, అక్కడి నుంచే షాపులు, బార్లు తీసుకోవాలి. కంపెనీకి ఇచ్చే రేటు, మన చేతికి వచ్చే ఎమ్మార్పీ రెండూ ప్రభుత్వమే ఫిక్స్ చేస్తుంది. లేబుల్ రిజిస్టర్ కాకపోతే సీసా డిపోలోకే రాదు.

ఈ సిస్టమ్ ఎంత టైట్‌గా ఉంటుందో 2025 జనవరిలో అందరికీ అర్థమైంది. కింగ్‌ఫిషర్, హైనెకెన్ అమ్మే యునైటెడ్ బ్రూవరీస్ జనవరి 8న తెలంగాణకు సప్లై ఆపేస్తున్నట్టు ప్రకటించింది. 2019-20 నుంచి తమకిచ్చే రేటు పెంచలేదని, పాత బిల్లులు పేరుకుపోయాయని ఆ కంపెనీ చెప్పింది. 33 శాతానికి పైగా రేటు పెంచాలని కంపెనీ అడుగుతోందని, అంత భారం జనం మీద వేయలేమని ప్రభుత్వం గట్టిగానే చెప్పింది. జనవరి 20న సప్లై మళ్లీ మొదలైంది. రిటైర్డ్ జస్టిస్ జైస్వాల్ కమిటీ రిపోర్ట్ ఆధారంగా ఫిబ్రవరి 11 నుంచి బీరు ధరలు 15 శాతం పెరిగాయి.

ఇక్కడే అసలు పాయింట్ ఉంది. రాష్ట్ర బీరు మార్కెట్‌లో సింహభాగం ఉన్న కంపెనీయే రేటు కోసం సప్లై ఆపాల్సి వచ్చింది. మరి నెలకు కొన్ని వందల కేసులు మాత్రమే అమ్మే చిన్న బ్రూవరీ పరిస్థితేంటి? ఖరీదైన హాప్స్ తెప్పించుకోవాలి, స్పెషల్ మాల్ట్ కొనాలి, బిల్లు డబ్బుల కోసం నెలల తరబడి ఎదురుచూడాలి. సప్లై ఆపేస్తామని బెదిరించినా పట్టించుకునే వాళ్లుండరు. అందుకే చిన్న కంపెనీలు ఇటువైపు రావాలంటేనే వెనకా ముందూ ఆలోచిస్తాయి.

604 కొత్త బ్రాండ్లు.. మనకేంటి లాభం?

ఈ గొడవ తర్వాత కార్పొరేషన్ కొత్త బ్రాండ్లకు తలుపులు తెరిచింది. 2025 ఫిబ్రవరిలో అప్లికేషన్లు పిలిస్తే 92 కంపెనీలు 604 బ్రాండ్లతో ముందుకొచ్చాయి. అందులో 273 ఫారిన్ బ్రాండ్లు. నంబర్ చూస్తే పండగే. కానీ ఇవన్నీ బీర్లు కాదు, విస్కీ నుంచి వోడ్కా దాకా అన్నీ కలిపిన లెక్క ఇది. పైగా అప్లికేషన్ పెట్టడం వేరు, షాపులో సీసా కనిపించడం వేరు.

లేబుల్ రిజిస్ట్రేషన్ ఒక కంపెనీని ఎంత దెబ్బ తీయగలదో తెలియాలంటే బిరా 91 కథ చూడాలి. 2015లో మొదలైన ఈ బ్రాండ్ మన యూత్‌కు గోధుమ బీరు రుచి చూపించింది. ఏపీలోని కొవ్వూరులోనూ దీని తయారీ సాగింది. దీని వెనకున్న బీ9 బేవరేజెస్, ఐపీవో ఆలోచనతో కంపెనీ పేరులోంచి ‘ప్రైవేట్’ అనే మాట తీసేసింది. పేరు మారింది కాబట్టి లేబుళ్లు కొత్తగా రిజిస్టర్ చేయించుకోమన్నాయి రాష్ట్రాలు. నెలల పాటు అమ్మకాలు ఆగిపోయాయి. 2023-24లో రూ.638 కోట్ల అమ్మకాల మీద రూ.748 కోట్ల నష్టం వచ్చింది. ఒక్క మాట తీసేసినందుకు అమ్మకాన్ని మించిన నష్టం! కంపెనీ ఖర్చులు, అప్పుల పాత్ర కూడా ఇందులో ఉంది, నిజమే. కానీ బీరు ఎలా ఉంది అన్నదాని కంటే లేబుల్ మీద ఏం రాసుంది అన్నదే ముఖ్యమైపోయిన మార్కెట్ ఇది.

అసలు తాజా బీరుకు అంత సీన్ ఉందా?

ఉంది. మన వాళ్లకు ఇది చెప్పడం చాలా ఈజీ. కల్లు తాగిన ఎవరినైనా అడగండి. చెట్టు దింపిన పొద్దున ఒక రుచి, మధ్యాహ్నానికి ఇంకో రుచి, సాయంత్రానికి పులుపు. బీరు అంత త్వరగా మారదు కానీ లాజిక్ అదే.

బీరులో ఉండేవి నాలుగే: మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీ, హాప్స్ అనే పువ్వు, ఈస్ట్, నీళ్లు. జర్మన్ స్టైల్ గోధుమ బీరులో అరటిపండు, లవంగం వాసన వస్తుంది. అందులో అరటిపండూ వేయరు, లవంగాలూ వేయరు, ఆ పనంతా ఈస్ట్‌దే. బెల్జియం స్టైల్‌లో మాత్రం నారింజ తొక్క, మన వంటింట్లో ఉండే ధనియాలు నిజంగానే వేస్తారు. ఐపీఏ అంటే హాప్స్ ఘాటు, చేదు. స్టౌట్‌లో బాగా వేయించిన బార్లీ వల్ల కాఫీ రుచి.

ఈ వాసనలకు పెద్ద శత్రువులు మూడు: వేడి, వెలుతురు, గాలి. ఐపీఏ పాతబడితే ముందు పోయేది హాప్స్ వాసనే. గాలి తగిలి పాడైతే తడిసిన అట్టపెట్టె వాసన వస్తుంది. ఎండ తగిలితే ఒకరకమైన కంపు మొదలవుతుంది. గోధుమ రంగు సీసా కొంత కాపాడుతుంది, ఆకుపచ్చ సీసా, తెల్ల సీసా అంతగా కాపాడవు. క్యాన్‌కు ఈ బాధ లేదు.

ఇప్పుడు మే నెల హైదరాబాద్‌ను ఊహించుకోండి. 40 డిగ్రీల ఎండలో లారీ, ఆ తర్వాత డిపో, షాపు వెనక గోడౌన్. చివరి అరగంట మాత్రం ఫ్రిజ్. మామూలు లాగర్‌ను పాశ్చరైజ్ చేస్తారు కాబట్టి కాస్త తట్టుకుంటుంది. సున్నితమైన క్రాఫ్ట్ బీరు మాత్రం ఆ ప్రయాణంలోనే సగం చచ్చిపోతుంది. దాన్ని తాగి ‘ఏముంది ఇందులో’ అని రెండు స్టార్లు ఇస్తే ఆ రేటింగ్ బీరుకు కాదు, గోడౌన్‌కు!

మైక్రోబ్రూవరీ ఉంది కదా.. పార్సిల్ ఎందుకివ్వరు?

తెలంగాణలో 2015లో మైక్రోబ్రూవరీ రూల్స్ వచ్చాయి. ఆ తర్వాత జూబ్లీహిల్స్‌లో ప్రోస్ట్, జీరో40 లాంటివి, హైటెక్ సిటీ వైపు ఇంకొన్ని తెరుచుకున్నాయి. వీటికి ఒకటే కండిషన్: అక్కడ తయారైంది అక్కడే తాగాలి. సీసాల్లో నింపి అమ్మకూడదు.

చాలా దేశాల్లో గ్రౌలర్ అనే గాజు లేదా స్టీల్ జగ్గులో బీరు నింపి సీల్ వేసి ఇస్తారు. ఇది మన దేశానికీ కొత్త కాదు. 2020 లాక్‌డౌన్ టైమ్‌లో ట్యాంకుల్లో బీరు మురిగిపోతుంటే కర్ణాటక ప్రభుత్వం జూన్ 30 వరకు పార్సిల్‌కు పర్మిషన్ ఇచ్చింది. మహారాష్ట్ర కూడా ఆ దారిలో నడిచింది.

ప్రభుత్వం వైపు నుంచి కూడా ఆలోచించాలి. లేబుల్, హోలోగ్రామ్ లేని సీసా రోడ్డెక్కితే లోపల ఏముందో ఎవరు చెప్పగలరు? 2025 జులైలో కూకట్‌పల్లి ఏరియాలో కల్తీ కల్లు తాగి పలువురు ప్రాణాలు కోల్పోయారు. ఆ గాయం ఇంకా పచ్చిగానే ఉంది. విడిగా అమ్మే మద్యం అంటే అధికారులు భయపడటంలో తప్పు లేదు.

కానీ ఆ భయానికి విరుగుడు ఉంది. తయారీ తేదీ, బ్యాచ్ నంబర్, ఆల్కహాల్ శాతం ప్రింట్ చేసిన సీల్, ఒక్కొక్కరికి లీటర్ లేదా రెండు లీటర్ల లిమిట్, నింపిన ప్రతి జగ్గుకూ బిల్లు పెడితే సరిపోతుంది. మైక్రోబ్రూవరీ ట్యాంకులు ఎలాగూ ఎక్సైజ్ లెక్కల్లోనే ఉన్నాయి. ఇంకో లాభం కూడా ఉంది. పబ్‌లో తాగి బండి నడిపేకంటే ఇంటికి తెచ్చుకుని తాగడం రోడ్డు మీద అందరికీ సేఫ్. వంద మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు దాటితే డ్రంక్ అండ్ డ్రైవ్ కేసే. మొదటిసారి దొరికితే రూ.10 వేల ఫైన్, ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ.

గోవా నుంచి తెచ్చుకుంటే?

చాలామంది తప్పులో కాలేసేది ఇక్కడే. ‘ఫ్లైట్‌లో అలౌడ్ కదా’ అనుకుంటారు. 24 శాతం లోపు ఆల్కహాల్ ఉన్న డ్రింక్స్‌కు చెకిన్ బ్యాగేజీలో విమాన భద్రతా పరంగా ప్రత్యేక లిమిట్ లేని మాట నిజమే. కానీ అది విమానం రూల్. దిగాక వర్తించేది తెలంగాణ ఎక్సైజ్ చట్టం. ఈ రాష్ట్రంలో పన్ను కట్టని మద్యాన్ని నాన్ డ్యూటీ పెయిడ్ లిక్కర్ కింద లెక్కేస్తారు. శంషాబాద్ ఎయిర్‌పోర్ట్‌లో, గోవా వైపు నుంచి వచ్చే రైళ్లలో ఎక్సైజ్ టీమ్‌లు చెకింగ్‌లు చేసి సీసాలు సీజ్ చేయడం తరచూ వార్తల్లో చూస్తున్నదే. టికెట్ బుక్ చేసుకునే ముందే ఎక్సైజ్ ఆఫీస్‌లో కనుక్కోవడం బెటర్.

విదేశాల నుంచి వచ్చే వాళ్లకు కస్టమ్స్ వైపు నుంచి రెండు లీటర్ల వరకు డ్యూటీ ఫ్రీ. అమెరికాలో దొరికే 355 ఎంఎల్ క్యాన్లయితే ఐదు వస్తాయి, ఆరోది పెడితే లిమిట్ దాటుతుంది. డల్లాస్ నుంచి అన్నయ్య వస్తున్నాడంటే లిస్టు పంపే ముందు ఈ లెక్క చూసుకోండి.

అందుకే ట్రావెల్‌లో ఉన్నప్పుడు బెస్ట్ పని: అక్కడే తాగండి, అక్కడే నోట్ చేసుకోండి. సీసా రాకపోయినా రివ్యూ మీతో వస్తుంది.

ఇంట్లో రివ్యూ చేయాలంటే..

* ముందు డేట్ చూడండి. ఎక్స్‌పైరీ కాదు, తయారైన తేదీ. ఒకే బ్రాండ్‌లో రెండు సీసాలుంటే కొత్తదే తీసుకోండి. ఎండ పడే షెల్ఫ్‌లోది వద్దు.
* ఆల్కహాల్ శాతం చూడండి. ఎఫ్ఎస్ఎస్ఏఐ రూల్స్ ప్రకారం 5 శాతం దాటితే 8 శాతం దాకా స్ట్రాంగ్. కిక్కు ఎక్కువైతే రుచి ఎక్కువ అని కాదు.
* సీసాతో తాగొద్దు, గ్లాసులో పోయండి. గ్లాసు గోడకు బుడగలు అంటుకుని కనిపిస్తే అది సరిగ్గా కడగలేదని అర్థం.
* మరీ చల్లగా వద్దు. గడ్డకట్టే చలిలో నాలుకకు ఏమీ తెలియదు. గోధుమ బీరు, ఐపీఏ అయితే ఫ్రిజ్‌లోంచి తీసి కొన్ని నిమిషాలు ఆగండి.
* మార్కులు వేయండి. బీరు పోటీల్లో జడ్జీలు వాడే బీజేసీపీ షీట్‌లో మొత్తం 50: వాసనకు 12, చూడ్డానికి 3, రుచికి 20, నోట్లో ఫీల్‌కు 5, ఓవరాల్‌గా 10. అంటే లేబుల్ డిజైన్‌కు సున్నా!
* ఎక్కడ కొన్నారు, ఎంతకు కొన్నారు, ఏ తేదీ సీసా అన్నవి కచ్చితంగా రాయండి. మన ఊళ్లో ఈ మూడూ లేని రివ్యూ చదివేవాళ్లకు పనికిరాదు.

ఇంకో మాట. ఫ్రీగా సీసా తీసుకునో, డబ్బు తీసుకునో రీల్ చేస్తే అది రివ్యూ కాదు, యాడ్. మన దేశంలో టీవీల్లో మద్యం యాడ్లు వేయకూడదు. అదే మద్యాన్ని సోడా పేరుతోనో, గ్లాసుల పేరుతోనో దొడ్డిదారిన ప్రచారం చేయడాన్ని కేంద్రం 2022 గైడ్‌లైన్స్‌లో నిషేధించింది. ఫాలోయర్లు వచ్చారని బ్రాండ్లకు గొంతు అరువిచ్చేముందు ఆలోచించుకోవాలి.

అలాగే అమీర్‌పేట్ హాస్టళ్లలో కోచింగ్ కోసం దిగిన కుర్రాళ్లలో చాలామందికి 21 నిండి ఉండవు. తెలంగాణలో 21 ఏళ్ల లోపు వాళ్లకు మద్యం అమ్మడం నేరం. వాళ్లకు ఈ స్టోరీలో పనికొచ్చే పాయింట్ అదొక్కటే.

మొత్తంగా చూస్తే..

ధర 15 శాతం పెరిగింది. 604 బ్రాండ్లు క్యూ కట్టాయి. అయినా పంజాగుట్టలో షాపు ముందు నిలబడ్డ కస్టమర్‌కు ‘ఈ సీసా ఎప్పుడు తయారైంది, ఎక్కడ నిల్వ ఉంది’ అన్న ప్రశ్నకు జవాబు దొరకడం లేదు. తాజా బీరేమో నాలుగు స్టేషన్ల అవతలే ఆగిపోతోంది.

బ్రాండ్ల సంఖ్య పెంచడం ఈజీ, దాంతో ఖజానాకు ఫీజులు కూడా వస్తాయి. కానీ కస్టమర్ కట్టే ప్రతి రూపాయిలో పెద్ద వాటా పన్నుగా తీసుకుంటున్నప్పుడు, డిపోల్లో చల్లటి స్టోరేజీ, చిన్న బ్రూవరీలకు టైమ్‌కు పేమెంట్, సీల్ వేసిన పార్సిల్‌కు ఒక ప్రయోగం.. ఈ మూడూ అడగడం అత్యాశేం కాదు. ఎక్కువ తాగించడం కోసం కాదు ఇది. తాగే ఒక్క గ్లాసూ సరిగ్గా ఉండటం కోసం.

(మద్యపానం ఆరోగ్యానికి హానికరం. తాగి వాహనం నడపవద్దు.)