ఆసుపత్రులకు పరీక్ష

రోగమును పోగొట్టుకొనుటకై వైద్యశాలకు పోయినవాడు అచ్చటనే మరియొక రోగమును తెచ్చుకొనుటకంటె విపరీతమేమున్నది? కంచెయే చేను మేసినచో కాపు ఎవరితో మొరపెట్టుకొనవలయును? 2022 ఆగస్టు 25వ తేదీన రంగారెడ్డి జిల్లా ఇబ్రహీంపట్నమునందలి ప్రభుత్వ వైద్యశాలలో 34 మంది స్త్రీలకు ఒక్క దినమున కుటుంబనియంత్రణ శస్త్రచికిత్సలు జరిగెను. వారు రోగపీడితలు కారు. ఇండ్లలో బిడ్డలను విడిచి వచ్చిన ఆరోగ్యవతులైన తల్లులు. వారిలో నలుగురు కొలది దినములలోనే మరణించిరి. మిగిలినవారిని హైదరాబాదు ఆసుపత్రులకు తరలింపవలసి వచ్చెను. మరణములకు కారణము సూక్ష్మక్రిముల అంటేయని అధికారులే చెప్పిరి. ఆ వార్త కొన్నాళ్లు పత్రికలలో నిలిచి మాసిపోయినది. మేము దానిని స్మరించుట ఒకరిని దూషించుటకు గాదు. ఇట్టి యాపద వచ్చిన పిదప విచారణ జరుపుట మనకు తెలియును; రాకమునుపే దానిని పసికట్టు పరీక్ష మన ఆసుపత్రులకు కలదా యని యడుగుటకే.

ఇది ఒక యూరి సంగతి గాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో ప్రకటించిన నివేదికను బట్టి, ఆసుపత్రిలో చేరిన ప్రతి నూర్గురిలో ధనిక దేశములందు 7 గురికిని, తక్కిన దేశములందు 15 మందికిని అచ్చటనే ఏదో యొక అంటు తగులుచున్నది. అట్లు తగిలిన పదుగురిలో ఒకరు మరణించుచున్నారు. దీనిని విధియని యూరకుండుట మన కలవాటు. కాని ఇది విధి గాదు. 1847లో వియన్నా నగరపు ప్రసవశాలలో సెమ్మెల్‌వైస్ అను వైద్యుడు ఒక వింత గమనించెను. మంత్రసానులు పనిచేయు విభాగముకంటె వైద్యులును వైద్య విద్యార్థులును పనిచేయు విభాగముననే బాలింతలు హెచ్చుగా మరణించుచుండిరి. శవములను కోసిన చేతులతోనే వారు ప్రసవములు చేయించుచుండిరి. క్లోరిను కలిపిన సున్నపు నీటితో చేతులు కడుగుకొనవలయునని ఆయన కట్టడి చేసెను. ఏప్రిల్ మాసమున నూటికి 18గా నున్న మరణములు జూన్ నాటికి రెంటికి దిగెను. ఆయన కనిపెట్టిన గొప్ప యౌషధమేమి? చేతులు కడుగుటయొకటి, లెక్క వ్రాయుటయొకటి. లెక్కయే లేకున్నచో రెండు విభాగముల భేదము ఎవరికిని కనబడియుండెడిది కాదు.

అమెరికా దేశమున 1970 తరువాతి సంవత్సరములలో జరిగిన పరిశోధనయు ఇదే సాక్ష్యము పలికినది. అంటుల లెక్క తీయుటయు, నివారించుటయు రెండును శ్రద్ధగా సాగించిన ఆసుపత్రులలో అవి నూటికి 32 వంతుల మేర తగ్గినవి. అట్టి యేర్పాటు లేనిచోట పెరిగినవి.

కొలబద్దలు లేవని చెప్పుటకు వీలులేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016లో ఎనిమిది అంగములను నిర్ణయించి, 2018లో ఒక్కొక్క అంగమునకు 100 చొప్పున 800 మార్కుల పట్టిక నొసగినది. బాధ్యుడైన శిక్షితోద్యోగి కలడా? నియమములు వ్రాసియున్నవా? సిబ్బందికి శిక్షణ కలదా? అంటుల లెక్క వ్రాయుచున్నారా? పనివారు చాలినంతమంది కలరా? మంచమునకొక రోగియే యున్నాడా? నీరు వచ్చుచున్నదా? ఇట్టివి ఆ ప్రశ్నలు. మన దేశమున 2015లో మొదలైన కాయకల్ప పథకమునందును అంటుల నివారణకు మార్కులు కలవు. ఈ ప్రయత్నములను మేము తేలికపరచుట లేదు. అయినను పరీక్ష యెట్లు జరుగుచున్నదో దానిని బట్టియే ఫలము.

పరీక్షకుడు వచ్చునని ముందుగా తెలిసిన యింట గోడలకు సున్నము పడును, నేల మెరయును, రిజిస్టరు నిండును. అతడు గుమ్మము దాటగానే పాత సంసారమే. ఎదుట నొకడు నిలిచి చూచుచున్నపుడు ఎవడు చేతులు కడుగుకొనడు? కావున చూచి వ్రాసికొనుట చాలదు. నెలకెంత సబ్బు, ఎంత చేతిమందు ఖర్చయినదో అడుగవలయును. పనిముట్లను శుద్ధిచేయు యంత్రము నిజముగా క్రిములను చంపినదా యను పరీక్షాఫలములను చూడవలయును. రాత్రివేళ కొళాయి తిప్పి చూడవలయును.

మరియొక మోసము కలదు. “మా యాసుపత్రిలో అంటులు సున్న” యని వ్రాసియున్నచో మనము సంతసింతుము. పుండునుండి నమూనా తీసి పరీక్షించు ప్రయోగశాలయే లేనిచోట సున్నగాక మరేమి వచ్చును? అంటు లేకుండుట వేరు, వెదకకుండుట వేరు. ఉన్నదున్నట్లు లెక్క వ్రాసిన ఆసుపత్రి చెడ్డదనియు, కన్నులు మూసికొన్నది మంచిదనియు తీర్పు చెప్పు పరీక్ష ఎవరిని రక్షింపగలదు?

లెక్కలు బయటపెట్టినచో సిబ్బంది భయపడి దాచుదురని కొందరందురు. ఆ మాటలో నిజము లేకపోలేదు. అందుచేతనే మా మనవి యిది: తప్పు చెప్పుకొన్నవానిని శిక్షింపక దిద్దుడు; దాచినవానిని ఉపేక్షింపకుడు. పరీక్షకుడు ముందు చెప్పక రావలయును. వచ్చిన మార్కులు ఆసుపత్రి గుమ్మమున తెలుగులో వ్రాసి కట్టవలయును. ప్రైవేటు వైద్యశాలలకును ఇదే నియమము వర్తింపవలయును. పారిశుద్ధ్యపు పనివారికి చేతితొడుగులును, శిక్షణయు, సకాలమున జీతమును ఇయ్యక వారినుండి శుభ్రతను కోరుట న్యాయము గాదు.

ప్రజలకును బాధ్యత కలదు. ఒక్క రోగివెంట పదిమంది మంచముచుట్టు మూగుట మానుదము. చేయి పట్టి చూడవచ్చిన వైద్యుని “అయ్యా, చేతులు కడుగుకొంటిరా?” యని వినయముతో నడుగుదము. అది యవమానము గాదు; ఉభయులకును క్షేమము. ఇబ్రహీంపట్నపు తల్లుల బిడ్డలకు మనము తల్లులను తిరిగి యియ్యలేము. మరియొక యింటి తల్లి ఆసుపత్రినుండి సుఖముగా ఇల్లు చేరునట్లు చేయగలము. అంతమాత్రము చేయకున్నచో మన విచారణలును, మన సంతాపములును ఎవరికొరకు?