అటక మీది కాసెట్లు

మన యిళ్లలో చాలా చోట్ల అటక మీదనో, బీరువా అడుగు అరలోనో వొక పాత బిస్కట్ల డబ్బా వుంటుంది. మూత తీస్తే పది పన్నెండు కాసెట్లు. కొన్నిటి మీద సినిమా పేర్లు. కొన్నిటి మీద యేమీ వుండదు. టేపు రికార్డరు యేనాడో పాత సామానులవాడి బండి యెక్కింది. పారవేయడానికి మనస్సు వొప్పదు, వినడానికి సాధనం లేదు. యీ నెల ముచ్చట ఆ డబ్బాను గురించి.

మా డబ్బా సంగతే ముందు చెప్పుకుంటాము. 1988 వేసవిలో మా నాన్నగారు యెరువు తెచ్చిన టేపు రికార్డరు ముందు మా మామ్మను కూర్చోబెట్టి గంటసేపు మాటాడించారు. మైకు పట్టుకొనే వుద్యోగం మాది. అప్పటికి మాకు యేడెనిమిదేళ్లు. ఆవిడ వుయ్యాల బల్ల మీద కూర్చుని కాపురానికి వచ్చిన రోజులు, వూరగాయల లెక్కలు, చుట్టాల తగవులు, 1936 ఏప్రిల్ 1న గంజాం మద్రాసు రాజధానిలోంచి ఒరిస్సాలోకి వచ్చిన సంగతి అన్నీ చెప్పింది. "రాష్ట్రం మారిందన్నారు. పొద్దున్న లేచి చూస్తే మా నుయ్యి అక్కడే వుంది" అన్నది. ఆవిడ పోయి ముప్పైయేళ్లు దాటింది. కాసెట్టు మిగిలింది.

మనుషుల గొంతును పట్టి దాచే విద్య 1877లో ఎడిసన్‌తో మొదలైంది. మన దేశంలో 1902లో కలకత్తాలో గౌహర్ జాన్ పాటను రికార్డు చేశారు. పాటలే కాదు, మాటలనూ దాచారు. గ్రియర్సన్ దొరగారి భాషల సర్వేకు తోడుగా 1913 మొదలు 1929 వరకు దేశ భాషలను గ్రామఫోను పళ్లాలకు యెక్కించారు. మద్రాసు రాజధాని భాషల వంతూ వచ్చింది; ఆ పళ్లాలలోని మాటలను మద్రాసు మ్యూజియం వారు 1927లో పుస్తకంగా అచ్చువేశారు. నూరేళ్ల నాటి ఆ గొంతులను చికాగో విశ్వవిద్యాలయం వారు కంప్యూటరుకు యెక్కించినందున యీనాడు బరంపురంలో కూర్చుని వినవచ్చును. పర్లాకిమిడిలో పంతులుగా పనిచేసిన గిడుగు రామమూర్తిగారు జనం నోట వున్న తెలుగే తెలుగని జీవితమంతా వాదించారు. ఆ నోటి తెలుగు, అందులోనూ మన గంజాం తెలుగు, యిప్పుడు మన బిస్కట్ల డబ్బాలలో వుంది.

అయితే డబ్బా కలకాలం కాయదు. కాసెట్టు టేపు వెడల్పు 4 మిల్లీమీటర్లు కూడా వుండదు. దాని మీద పూసిన యినుప సంబంధమైన పొడిలోనే గొంతు యావత్తూ వుంది. మన సముద్రపు గాలికి చెమ్మ పట్టి బూజు వస్తుంది. బూజు కనిపించిన కాసెట్టును వేసి చూడవద్దు. టేపూ పాడవుతుంది, యంత్రమూ పాడవుతుంది. శుభ్రంగా వున్నదానికి ముందుగా వీపు వైపు వున్న చిన్న ప్లాస్టికు పలకలు రెండూ విరిచివేయాలి. అప్పుడు పొరపాటున మీట నొక్కినా పాతది చెరిగిపోదు. తరువాత పెన్సిలుతో చుట్టు సరిచేసి, వొకసారి చివరివరకు తిప్పి వెనక్కు తేవాలి.

మేము తెలిసినవారి దగ్గర పాత ప్లేయరు వొకటి సంపాదించి, తలను స్పిరిటు దూదితో తుడిచి, తీగతో కంప్యూటరుకు కలిపాము. ఆడాసిటీ అనే సాఫ్టువేరు వుంది. 2000 సంవత్సరం నుంచి అందరికీ వుచితం. గొంతు హెచ్చినప్పుడు తెర మీది గీత అంచును తాకకుండా మట్టం తగ్గించుకోవాలి. అంచు తాకి చిట్లిన ధ్వనిని తరువాత యెవరూ బాగుచేయలేరు. యిందులో తొందర పనికిరాదు. గంట కాసెట్టుకు గంట కూర్చోవలసిందే.

కూర్చున్నాము, విన్నాము. అక్కడితో ఆగితే బాగుండేది. ఆఫీసు గుమాస్తా బుద్ధి యెక్కడికి పోతుంది? ఫైలును సాపు చేయాలనిపించింది. వెనుక వినిపించే బుస్సుమనే చప్పుడు తీసివేశాము. వుయ్యాల గొలుసు కిర్రుమనడం తీసివేశాము. మాటకూ మాటకూ మధ్య ఖాళీలు కత్తిరించాము. ముప్పై నిమిషాల మొదటి వైపు యిరవైరెండు నిమిషాలకు వచ్చింది. గర్వంగా మా మేనత్తకు వినిపించాము.

ఆవిడ కళ్లు మూసుకుని కాసేపు విన్నది. తరువాత, "గొంతు అమ్మదే గాని, అమ్మ యిలా గబగబా యెప్పుడు మాటాడిందిరా? వక్క నములుతూ ఆగేది కాదూ? వుయ్యాల యేమైంది?" అన్నది. మాకు తల కొట్టేసినట్లయింది. మేము దుమ్ము దులుపుతున్నామనుకున్నాము, మామ్మనే దులిపివేశాము.

అదృష్టవశాత్తు వున్నదున్నట్లుగా యెక్కించిన మొదటి ప్రతిని చెరపలేదు. ఆఫీసులో అసలు కాగితం మీద దిద్దరాదని నేర్పిన పెద్దలకు నమస్కారం. ఆ సాయంత్రం అత్త మొదటి ప్రతి రెండు వైపులూ విన్నది. మామ్మ ఆగినచోటల్లా ఆవిడా ఆగి, తరువాత రాబోయే మాట తానే ముందుగా అన్నది. మా అబ్బాయి బడిలో ఒడియా, ఇంగ్లీషు చదువుకుంటున్నాడు, తెలుగు అక్షరాలు కూడబలుక్కుంటాడు. వాడు మధ్య మధ్య ఆపమని, "అంటే యేమిటి?" అని అడుగుతూ కూర్చున్నాడు. వాడు చదవలేని తెలుగు వాడికి వినబడింది.

కనుక చదువరులకు మా మనవి యిది. మొదటి ప్రతిని వేవ్ ఫైలుగా, దిద్దకుండా దాచండి. సెకనుకు 44,100 సార్లు ధ్వనిని కొలిచే పద్ధతిలో వొక మనిషి మాట గంటకు 300 మెగాబైట్లు పైచిలుకు అవుతుంది. యీనాటి డిస్కులకు అది బరువు కాదు. చుట్టాలకు పంపడానికి చిన్న ఎంపీ3 వేరే చేసుకోండి. శుభ్రం చేయదలిస్తే నకలు మీద చేయండి. ప్రతులు మూడు వుంచండి. వొకటి వేరే వూళ్లో, ఆడపడుచు యింట్లోనో తమ్ముడి యింట్లోనో. యెవరి గొంతు, యే సంవత్సరం, యే యిల్లు, యెవరు అడిగారు అన్నది కాగితం మీదా ఫైలు పేరులోనూ రాయండి. పని అయిందని కాసెట్టును పారవేయకండి.

యింకొక మాట. యింట్లో పెద్దలు వుంటే వారిని కూర్చోబెట్టడానికి కాసెట్టు అక్కరలేదు, చేతిలోని ఫోను చాలు. పంకా ఆపి, ఫోను దగ్గరగా పెట్టి, వొక ప్రశ్న అడిగి వూరుకోండి. వారు ఆగితే ఆగనివ్వండి. మా నాన్నగారు మామ్మను మాటాడించారు గాని, ఆయనను కూర్చోబెట్టి అడగాలని మాకు తోచలేదు. కాసెట్టులో ఆయన మాటలు మూడే వున్నాయి: "చెప్పు అమ్మా", "తరువాత?", "టేపు అయిపోవచ్చింది." మా దగ్గర వున్న ఆయన గొంతు అంతే.