కొండమీది యూరు ఎవరిది?

“మా తాతలు నేతులు త్రాగినారు, మా మూతులు వాసన చూడుడు” అను సామెతను పుట్టించినవారు మన జాతిని బాగుగా నెఱిగినవారు. సభలయందు పూర్వవైభవమును గూర్చి గంటలకొలది ప్రసంగింతుము. ఆ నేయి పోసిన గిన్నె యెక్కడనున్నదని యొక బాలుడు లేచి యడిగినచో తెల్లమొగము వేయుదుము. చోడవరమువారికి ఆ గిన్నె దూరమున లేదు. సుమారు 20 కిలోమీటర్లు పోయి అనకాపల్లి చేరి, ఆ పట్టణపు సరిహద్దున గల శంకరము గ్రామమున తలయెత్తి చూచినచో, కొండమీదనే యున్నది.

శంకరమున కొండలు రెండు. తూర్పుదానిని బొజ్జన్నకొండ యనియు, పడమటిదానిని లింగాలకొండ యనియు నందురు. క్రీస్తుశకము 4వ శతాబ్దము మొదలు 9వ శతాబ్దము వరకు, అనగా మధ్యయుగము తొలిపాదమున గూడ, వీనిపై నొక బౌద్ధ సంఘారామము వర్ధిల్లినది. శంకరమను పేరే సంఘారామ శబ్దమునుండి వచ్చినదని పలువురి యభిప్రాయము. ఇది యొంటరి తపసి కూర్చుండిన గుహ కాదు, కొండమీది యూరు. తొలిచిన గుహలు, ఇటుక కట్టడపు చైత్యములు, భిక్షువులు వసించిన గదుల వరుసలు, శిఖరమున మహాస్తూపము గలవు. పెద్ద గుహలో పదునాఱు స్తంభముల నడుమ కొండరాతిలోనే మలచిన స్తూపమున్నది. లింగాలకొండపై నేకశిలాస్తూపములు అంచెలంచెలుగా బారులు తీరి యున్నవి.

1907 ప్రాంతమున అలెగ్జాండర్ రీ యిచ్చట త్రవ్వకములు జరిపెను. శాతవాహనుల సీసపు నాణెము, సముద్రగుప్తుని బంగారు నాణెము, తూర్పు చాళుక్య వంశస్థాపకుడగు కుబ్జవిష్ణువర్ధనుని రాగి నాణెములు బయల్పడినవి. అలహాబాదు స్తంభముమీది ప్రశస్తిలో, సముద్రగుప్తునకు లొంగిన దక్షిణాది రాజులలో దేవరాష్ట్రపు కుబేరుడొకడు. ఆ దేవరాష్ట్రము మన యెలమంచిలి ప్రాంతమేయని చరిత్రకారులు పలువురు నిర్ణయించిరి. మన్యపు కొండల పాదమున బెల్లము వండుకొనుచు బ్రతుకు ఈ సీమ దేశచరిత్రకు మూలనున్నదని తలచువారు ఆ నాణెములను జూచి తమ యభిప్రాయమును దిద్దుకొందురు గాక!

ఇట్టి చోటును మనమెట్లు జ్ఞాపకముంచుకొంటిమి? బుద్ధుని కొండ బొజ్జన్నకొండ యయ్యెను. స్తూపములు లింగములై లింగాలకొండ వెలసెను. ఇంతవరకు తప్పు లేదు; పేరు మాఱినను మ్రొక్కు మిగిలినది. కాని కొన్నియేండ్ల క్రిందటి వరకు, కనుమనాడు జనులు కొండకు వచ్చి, బొజ్జవలె గానవచ్చు నొక ప్రాచీన నిర్మాణమును రాక్షసుని పొట్టయని తలచి రాళ్లు రువ్వుచుండిరి! పురాతత్త్వశాఖయు, ఇంటాక్ సంస్థయు పూనుకొన్న పిమ్మట నది నిలిచినది. ఆ రాళ్లు విసరిన పల్లెవారిని మేము నిందింపము. వారికి కథ చెప్పువాడు లేకపోయెను. నిందింపవలసినది చదువుకొన్నవారిని. గ్రీసు దేశపు శిథిలముల పేళ్లు వల్లించి పరీక్షలు గెలిచినవారు, కంటియెదుటి కొండను గూర్చి పొరుగువానికి నాలుగు మాటలు చెప్పరైరి.

నేడు రాళ్లు లేవు, దర్శనము మాత్రమున్నది. ఆ దర్శనమెట్టిదో చూడుడు. బండి దిగుదురు, మెట్లెక్కుదురు, విగ్రహము ప్రక్కన నిలిచి సెల్‌ఫోనులో తమ మొగమునే చూచుకొందురు, పులిహోర పొట్లము విప్పుదురు, ఆకు పారవేసి దిగిపోవుదురు. వీరు కొండనెక్కిరి గాని యూరిని చూడలేదు. తెలియక రాయి విసరినవానికిని, తెలిసికొనుటకు తీరిక లేక వెనుదిరిగినవానికిని భేదమెంత?

“అది బౌద్ధుల చోటు, మనకేమి?” యనువారు కలరు. వారొక్కసారి జావాద్వీపమువంక చూతురు గాక. అచ్చటి జనులలో మిక్కిలి మంది మహమ్మదీయులు. అయినను బోరోబుదూరు స్తూపమును 1973 మొదలు 1983 వరకు రాయి రాయి విప్పి తిరిగి నిలిపిరి. 1985లో దుర్మార్గులు బాంబులు పెట్టగా మరల బాగుచేసిరి. 1991లో నది ప్రపంచ వారసత్వ సంపదలలో చేరినది. మతము మాఱినంతమాత్రమున తాత మాఱడని వారెఱుగుదురు. మనమెఱుగమా?

“చెరకునకు గిట్టుబాటు లేని రైతుకు ఈ రాళ్లేల?” యని మఱికొందఱు. ఈ ప్రశ్నను మేము తేలికగా త్రోయము. కాని కొండరాతిపై వరి పండదు. భిక్షువుల పాత్రలలో పడిన మెతుకులు క్రింది పల్లెలవే. కావున ఆ యూరు రాజులకంటె ముందు రైతుది. దానివలన వచ్చు పనియు, కూలియు, గౌరవమును శంకరము మొదలగు పల్లెలకే తొలుత చెందవలెను. టిక్కెట్ల రాబడిని లెక్కించుచు ఈ మాట మఱచువారి పర్యాటకాభివృద్ధి మాకక్కరలేదు.

కావున మేము కోరునవి గొప్పవి కావు. చోడవరము, మాడుగుల, అనకాపల్లి పాఠశాలల బాలబాలికలను ఏటికొకమారు, ముందుగా చదివి వచ్చిన యుపాధ్యాయుడు వెంటబెట్టుకొని కొండకు తీసికొనిపోవలెను. శంకరము యువకులకు తగిన శిక్షణ యిచ్చి, వచ్చినవారికి తెలుగున కథ చెప్పు పని యప్పగింపవలెను. త్రవ్వకములందు దొరకిన వస్తువుల నకళ్లనైనను కొండ క్రిందనే చూపవలెను. 1958 చట్టమునకు 2010లో జరిగిన సవరణ, రక్షిత కట్టడమునకు 100 మీటర్ల వరకు నూతన నిర్మాణమును నిషేధించి, ఆపై 200 మీటర్లను అదుపులో నుంచినది. ఆ గీత కాగితముమీదనే నిలిచిపోరాదు. ఏటేట వానకాలమునకు ముందే కట్టడములను పరీక్షింపవలెను. 2019 అక్టోబరులో తొట్లకొండ మహాస్తూపము వానలకు కొంత కూలిన సంగతి యీ సీమవారు అప్పుడే మఱచిరా?

2022 ఏప్రిలులో అనకాపల్లి జిల్లా యేర్పడినది. అంతదాక విశాఖపట్టణము జిల్లాలోనున్న చోడవరము నిందులో చేరినది. క్రొత్త జిల్లాకు కార్యాలయములు వచ్చినవి, అధికారులు వచ్చిరి, ఫలకములు వచ్చినవి. జ్ఞాపకము మాత్రము ఉత్తరువులతో రాదు. దానిని తల్లిదండ్రులును, పంతుళ్లును, పత్రికలును తేవలెను. రానున్న కనుమనాడు కొండకు పోవువారలారా! చేత రాయి లేకుండుట చాలదు. వెంట నొక బిడ్డను తీసికొనిపొండు; అచ్చట వసించినవారెవరో, వారికన్నము పెట్టినవారెవరో ఆ బిడ్డకు చెప్పుడు. ఈ కొండ మనదని చాటుకొను హక్కు అట్లు చెప్పగలవారికే కలదు.