గండిపేట వెనక ప్లాటు కొంటున్న అన్నలకు

పోయిన శనివారం కేటీలో ఒక మిత్రుని ఇంట్ల కలిసినం. హ్యూస్టన్ పడమర దిక్కు ఉండే తెలంగాణోళ్ళం, ఒక ఇరవై కుటుంబాలం. బిర్యానీ అయిపోయినంక మాట రాజకీయాల మీదికి పోయింది, అక్కడి నుంచి ఎప్పటి లెక్కనే భూముల మీదికి. ఒక అన్న ఫోన్ తీసి బ్రోచర్ చూపెట్టిండు. మొయినాబాద్ దిక్కు వెంచర్. "111 పోయింది తమ్మీ, ఇప్పుడు కొననోడు ఇగ ఎన్నడూ కొనలేడు" అన్నడు. అక్కడికక్కడ్నే ముగ్గురు నంబర్ రాసుకున్నరు.

ఆ అన్న ఎవరో కాదు. 2011 మార్చిల మిలియన్ మార్చ్‌కు మద్దతుగ ఇక్కడ మనం నిలబడ్డప్పుడు ముందు వరుసల ఉన్న మనిషి. ఆయన చేతిల అట్ట మీద "మా భూములు మాకే" అని ఉండె. నాకు మంచిగ యాదికున్నది, ఆ అట్ట రాసింది నేనే కాబట్టి.

మిత్రులారా, మనం కొట్లాడింది దేనికి? సీమాంధ్ర రియల్టర్లు హైదరాబాద్ చెరువులను, శిఖం భూములను మింగుతున్నరని పదేండ్లు మొత్తుకున్నం. కోకాపేట భూములను వేలం పెడితే రాష్ట్రాన్ని అమ్ముకుంటున్నరని వ్యాసాలు రాసినం. 2023 ఆగస్టుల అదే కోకాపేటల ఎకరం వంద కోట్లు దాటితే ఆ వార్తను మన గ్రూపులల్ల దండలేసి పంచుకున్నం. అమ్మేటోని యాస మారితే అమ్మకం అభివృద్ధి అయితదా?

111 జీవో సంగతి చాలా మందికి సగమే తెలుసు, కాబట్టి మొదటి నుంచి చెప్త. 1908 సెప్టెంబర్ 28న మూసీ పొంగి హైదరాబాద్‌ను ఊడ్చుకపోయింది. వేల మంది సచ్చిపోయిన్రు. ఆరో నిజాం సర్కారు విశ్వేశ్వరయ్యను పిలిపిచ్చింది. ఆయన సలహాతోని నగరానికి ఎగువన, మూసీ మీద ఉస్మాన్‌సాగర్, ఈసీ మీద హిమాయత్‌సాగర్ వచ్చినయి. ఒకటి 1920ల పూర్తయింది, ఇంకొకటి 1927ల. మనం గండిపేట అనేది ఆ మొదటిదాన్నే. వీటిని తాగునీళ్ళ కోసం కట్టిన్రని మాత్రమే అనుకుంటం. అసలు మొదటి పని వరదను పట్టుకొని ఆపుడు. ఆ నడుమనే, 1912ల, నగరాభివృద్ధి సంస్థ కూడ పెట్టిన్రు. అంటే ఊరు పెరుగుడు గురించి ఆలోచన చేసిన్రు, ముందుగాల నీళ్ళ సంగతి చూసుకున్నరు. రాజరికాన్ని పొగుడుతలేను, వరుస చెప్తున్న.

ఆ చెరువులు బతకాలంటే వాటిల్లకు వచ్చే వాగులు, పొలాలు ఖుల్లాగ ఉండాలె. 1996 మార్చిల వచ్చిన 111 జీవో చేసింది అదే: 84 ఊర్లు, 1.32 లక్షల ఎకరాలు, భారీ కట్టడాలు వద్దు. ఆ చెరువుల దగ్గర ఒక నూనె ఫ్యాక్టరీ పెడ్తమంటే సుప్రీంకోర్టు కుదరదన్నది. అసొంటి జీవో ఆంక్షలను 2022 ఏప్రిల్‌ల మన సర్కారు, మనం తెచ్చుకున్న సర్కారు, ఎత్తేసింది. 2023 మే నెలల కేబినెట్ మొత్తానికే తీసేసినమన్నది.

అప్పటి సర్కారు వాదన ఏంది? కృష్ణా, గోదావరి నీళ్ళొస్తున్నయి, నగరానికి ఈ జంట చెరువుల అవసరం నూటికి రెండు వంతులు కూడ లేదు అని. నేను సివిల్ ఇంజనీరును కాను, మీలెక్కనే ఐటీ కన్సల్టెంటును. బ్యాకప్ సర్వర్ వాడకం రెండు శాతమే ఉన్నది, తీసేద్దామని క్లయింట్ అంటే మనం ఏమంటం? నాగార్జునసాగర్ నుంచి, ఎల్లంపల్లి నుంచి వంద కిలోమీటర్లకు పైన మోటర్లు పెట్టి నీళ్ళు ఎత్తిపోస్తున్నం, ఆ కరెంటు బిల్లు మీద ఒక మహానగరం బతుకుతున్నది. గండిపేట నీళ్ళు వాటంతట అవే కిందికొస్తయి. అయినా తాగునీళ్ళ లెక్క పక్కకు పెట్టున్రి. వరద లెక్క ఏది? 2020 అక్టోబర్‌ల చెరువు కట్టలు తెగి పాతబస్తీ కాలనీలల్ల పడవలు తిరిగినయి.

కేటీల ఉండేటోళ్ళకు ఈ కథ నేను చెప్పాల్నా? 1929, 1935 వరదలల్ల హ్యూస్టన్ మునిగినంక 1940లల్ల బార్కర్, ఆడిక్స్ రిజర్వాయర్లు కట్టిన్రు. మన గండిపేట కథనే. తర్వాత ఊరు పడమరకు పెరిగింది. రిజర్వాయర్ నిండితే నీళ్ళు ఎక్కడిదాకా వస్తయో ఆ భూమి మొత్తం సర్కారు కొనలేదు. మిగిలిన దాంట్ల బిల్డర్లు ఇండ్లు కట్టి అమ్మిన్రు. కొన్ని లేఅవుట్ కాయిదాల మీద "ఇక్కడ నీళ్ళు నిలిచే అవకాశం ఉన్నది" అని చిన్న అక్షరాలల్ల రాసి కూడ ఉండె. ఎవలు చదివిన్రు? 2017 ఆగస్టుల హార్వీ వచ్చినప్పుడు రిజర్వాయర్ వెనకకు నిండింది, వేల ఇండ్లల్లకు నీళ్ళొచ్చినయి. మా దోస్తు ఇంట్ల నడుము లోతు. వాళ్ళ బిడ్డ పుస్తకాలు, పెండ్లి ఆల్బం చెత్తకుప్పల పడేసుడు నేనే దగ్గరుండి చేసిన. 2019ల ఫెడరల్ కోర్టు సర్కారుదే బాధ్యత అని తీర్పు చెప్పింది. అది అమెరికా. మొయినాబాద్‌ల నీళ్ళొస్తే మీరు ఏ కోర్టుకు పోతరు?

84 ఊర్ల రైతులకు అన్యాయం జరగలేదని నేననను. గీత ఇవుతల ఎకరం కోట్లు, అవుతల లక్షలు ఉంటే ఎవలికైనా మండుతది. నగరం కోసం వాళ్ళు త్యాగం చేస్తే నగరమే వాళ్ళకు పైసలియ్యాలె. కోకాపేటల 45 ఎకరాలకు మూడు వేల కోట్ల పైన వచ్చినయి. దాంట్ల ఒక వంతు ఏటేటా ఆ ఊర్లకు ఇయ్యొచ్చు, కట్టుకునే హక్కును వేరే తావుల వాడుకునే సర్టిఫికెట్లు ఇయ్యొచ్చు. ఆ భూమి ఇంకా ఎంత రైతుల పేరు మీద ఉన్నదో, ఎంత ఫామ్‌హౌస్‌ల పేరు మీద ఉన్నదో ఊరువారీగ బయటపెట్టమని అడుగుదం. జీవో ఎత్తేస్తే లాభం ఎవలికో అప్పుడు అర్థమైతది.

158 కిలోమీటర్ల అవుటర్ వేసినప్పుడు నగరం దాని లోపల ఉంటదన్నరు. అది నిండకముందే 340 కిలోమీటర్ల రీజినల్ రింగు. నల్లా, మోరీ, బస్సు ఎనకనుంచి వస్తయట. వరంగల్, నిజామాబాద్, కరీంనగర్ పోరగాళ్ళకు నౌకరీ కావాలంటే ఇప్పటికీ హైదరాబాదే. నియామకాలు అన్నది మనం పెట్టుకున్న నినాదమే గద.

ఆ రాత్రి ఇంటికొచ్చినంక అన్నకు మెసేజ్ పెట్టిన. "అన్నా, బయానా ఇచ్చే ముందు మూడు అడుగు. ఆ వెంచర్ మోరీ నీళ్ళు ఎటు పోతయి? పాత నక్షల దాంట్ల నుంచి వాగు ఉన్నదా? 111 కింద ఎవలన్న కోర్టుకు పోయిన్రా?" రెండు నీలం టిక్కులు పడ్డయి. జవాబు రాలేదు. పొద్దున లేచేసరికి అదే బ్రోచర్ మన బతుకమ్మ గ్రూపుల ఉన్నది, "లాస్ట్ 12 ప్లాట్స్" అని.